చుక్కాని అవ్వ ఇంకా బతికే ఉంది

చిట్టా 212

మూడో తొట్టి: ఆకుపచ్చ. గాజు గీకాను. నాచు పల్చగా ఉంది, రంగు బాగుంది.

ఇంతవరకే రాయాలని నియమం. పేటకి గాలినిచ్చే ఈ నాచు తొట్ల దగ్గర పనిచేసేవాళ్ళు రంగు రాసి, గీకామని రాసి, సంతకం పెడితే చాలు. ఆ కింద మిగిలిన ఖాళీని ఎవరూ చూడరు కాబట్టి నేను వాడుకుంటున్నాను. సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, పొద్దున్నే మోకాళ్ళ దాకా పాచినీళ్ళలో నిలబడి గాజు గీకేదాన్ని. ఆ మాత్రం ఖాళీ కూడా వాడుకోకపోతే ఎలా?

మధ్యాహ్నం మండలి నుంచి కబురొచ్చింది. ‘ఏడో ఓడ’ మళ్ళీ కొత్తగా మొదలుపెడుతున్నారట. రాసేది నేనట.

మా పేటలో ఏడో ఓడ తెలియని మనిషి లేడు. మొదటి తరం వాళ్ళు భూమి వదిలి ఈ చంద్రుడి సొరంగంలోకి వచ్చేటప్పుడు దారి పొడవునా విన్న నాటకం అది. చుక్కల మధ్య దారి తప్పిన ఓడ. దాన్ని నడిపే ఒక ముసలావిడ. ఆవిడకి కథలో ఏదో పేరుండేది, ఇప్పుడెవరికీ గుర్తులేదు. అందరికీ చుక్కాని అవ్వే. ఓడలో నిప్పు నిషేధం కాబట్టి వెలిగించని చుట్ట నములుతూ, కెప్టెన్ని కూడా ‘ఒరేయ్’ అంటూ, ప్రతి ప్రమాదం నుంచీ ఓడని బయటపడేస్తుంది.

మండలి పెద్ద గవర్రాజు గారు నన్ను కూర్చోమన్నారు. “కొత్త గ్రహాలు, కొత్త కుర్రాళ్ళు, అంతా నీ ఇష్టం అమ్మాయ్. ఒక్కటి మాత్రం మా మాట. మొదటి విడతలోనే అవ్వ చనిపోవాలి.”

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. కాలేజీలో ఉన్నప్పుడు ఇదే వాదించి సగం తరగతితో తగువు పడ్డాను. అవ్వ ఉన్నంత కాలం ఆ ఓడలో మిగతావాళ్ళు ఎదగరు. ఎంత ముప్పు వచ్చినా అవ్వ చూసుకుంటుందిలే అనుకునే కథలో ముప్పెక్కడిది?

“ఎలా చనిపోవాలి?” అన్నాను, పుస్తకం తెరిచి.

“గౌరవంగా. ఎవరో చంపినట్టు కాదు. ఓడలో ఊపిరి చాలదు. పిల్లలు ఇబ్బంది పడుతుంటారు. తన వంతు గాలి వాళ్ళకి వదిలేసి, తనే తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్ళాలి. నవ్వుతూ.”

ఆయన ఇంత వివరంగా ఆలోచించారంటే నాటకాలంటే ఇష్టమేమో అనుకున్నాను.

చిట్టా 214

మూడో తొట్టి: ఆకుపచ్చ. మూల ఒకచోట తుప్పు రంగు మరక. గీకితే పోలేదు.

ఇవాళ పైడమ్మత్తతో మొదటి చదువు. పైడితల్లమ్మ అసలు పేరు. పాత ఏడో ఓడలో అవ్వకి గొంతిచ్చింది ఈవిడే. అప్పటికి నా అంత వయసుట. గొంతు బొంగురు చేసుకుని, నోట్లో లవంగం పెట్టుకుని ముసలిదానిలా దగ్గేదట. ఇప్పుడు లవంగం అక్కర్లేదు.

మా స్టూడియో అంటే ఒక చిన్న గది. పాత అంతరిక్ష దుస్తులు విప్పి గోడలకి కొట్టారు, చప్పుడు రాకుండా. ఒకవైపు గాజు కిటికీ, దాని అవతల హాలు. తలుపేస్తే మైకూ, మేమూ, గాలి గొట్టం చప్పుడూ అంతే.

పైడమ్మత్త కాగితాలు కూడా ముట్టుకోలేదు. “ఏటే పిల్లా, నన్ను సంపేత్తన్నావంట?”

“నిన్ను కాదు అత్తా, అవ్వని.”

“ఇద్దరికీ గొంతొక్కటే కదే. సర్లే, సంపితే సంపు గానీ దగ్గీసి పడిపోయినట్టు రాయకు. సచ్చేముందు ఓ మంచి మాటుండాల. జనం అన్నం మానీయాల.”

“మానేస్తారు. పూచీ నాది.”

“ఈ కుర్రముండకి పొగరు సూడు,” అని మైకుతో చెప్పి నవ్వింది. మైకు ఆన్‌లో లేదు. అయినా దానివైపు చూసే మాట్లాడుతుంది, మనిషితో మాట్లాడినట్టు.

చిట్టా 219

మూడో తొట్టి: ఆకుపచ్చ.

పైన రాసింది అబద్ధం. ఒక పక్కంతా గోధుమరంగుకి తిరిగింది. మునివేళ్ళతో పట్టుకుంటే జిగురులా విడిపోతోంది. మేస్త్రీ వచ్చి చూసి, చుట్టూ చూసి, “ఆకుపచ్చ అని రాయమ్మా” అన్నాడు. “పైనుంచి మాట.”

సాయంత్రం హాల్లో కూర్చున్నాను. కొత్త నాటకం మొదలయ్యేదాకా పాతది మళ్ళీ వేస్తున్నారు. మా పేటలో హాల్లో ఎవరికి తోచినచోట వాళ్ళు కూర్చోరు. వయసు వరస. పెద్దవాళ్ళు ముందు, చంటిపిల్లలు వెనక. ఎవరైనా పోతే వాళ్ళ వెనకవాళ్ళంతా లేచి ఒక కుర్చీ ముందుకు జరుగుతారు. చిన్నప్పుడు మాకది సరదా, పెద్దవుతున్నామని.

వరస ఎందుకు పెట్టారో మాకు బళ్ళోనే చెప్తారు. దిగిన రోజునే మొదటి తరం వాళ్ళు ఒప్పుకున్న మాట: గాలి చాలని రోజంటూ వస్తే ముందు కుర్చీ ఖాళీ అవ్వాలి, అక్కణ్ణుంచి వెనక్కి. ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నారు గానీ అందరిలోకీ పెద్దాయన ఆ కుర్చీలో కూర్చోవడానికి వణికిపోయాడట. అప్పుడెవరో ఆ కుర్చీలో ఒక దిండు వేసి, “మనందరికంటే పెద్దది అవ్వ కదా, అది అవ్వది” అన్నారట. అందరూ నవ్వారట. దిండు అలాగే ఉండిపోయింది. పండగొస్తే దానికి కొత్త గలీబు కుడతారు. పిల్లల కాలు తగిలితే దణ్ణం పెట్టిస్తారు.

దిండు పక్కన, రెండో కుర్చీలో, పైడమ్మత్త కూర్చుని తన పడుచు గొంతు తనే వింటోంది.

గోళ్ళలో ఇంకా గోధుమరంగు జిగురు ఉంది నాకు. అవ్వ ఎందుకు చావాలో అప్పుడర్థమైంది.

చిట్టా 220

మూడో తొట్టి: ఆకుపచ్చ (మేస్త్రీ చెప్పినట్టు).

గవర్రాజు గారు బుకాయిస్తారనుకున్నాను. బుకాయించలేదు. తలుపు దగ్గరికేసి, మంచినీళ్ళిచ్చారు.

“మూడోది పోయింది. ఒకటోది కూడా పోయేలా ఉంది. భూమిని అడిగాం, జవాబు లేదు. మన దగ్గరున్న విత్తనం నాచు పెరగాలంటే సమయం కావాలి. అంతవరకూ ముందు వరసలో కొందరు...” వాక్యం పూర్తి చెయ్యలేదు.

“అందరికీ తలా కాస్త తగ్గించొచ్చు కదండీ?”

“తగ్గించాం. నీకీమధ్య తలనొప్పి రావట్లేదూ?”

వస్తోంది. కాగితాల మీద ఎక్కువసేపు వంగి ఉండటం వల్ల అనుకున్నాను.

“అయితే ఆ దిండు తీసిపారేయండి. నాటకం ఎందుకు మధ్యలో?”

“నువ్వు తీసి చూడు, నిన్ను చీల్చేస్తారు. ఆవిడ ఉన్నంత కాలం మనకేం కాదని నమ్మకం వాళ్ళకి. ఆవిడ చావు ఆవిడ ఉండేచోటే, ఆవిడ గొంతుతోనే జరగాలి. అప్పుడైతే ఏడుస్తారు. ఏడ్చి, లేచి, జరుగుతారు.”

“పైడమ్మత్త మొదటి కుర్చీలోకి జరుగుతుంది.”

“నాది ఏడో కుర్చీ అమ్మాయ్,” అన్నారాయన. “ఆ లెక్క నేనూ వేసుకున్నాను.”

దుర్మార్గుడైతే తేలిగ్గా ఉండేది నాకు.

చిట్టా 221

మూడో తొట్టి: గోధుమ. గోధుమ అనే రాశాను.

పైడమ్మత్తకి చెప్పాను. చొక్కాకి గుండీ కుడుతోంది. మధ్యలో ఆపలేదు. దారం కొరికి, చొక్కా దులిపి, మడత పెట్టి అప్పుడంది.

“నాకు సావాలని నేదే.”

నేను వేరే మాట కోసం ఎదురుచూశాను కాబోలు.

“అవ్వకైతే దైర్నం ఉన్నాది. దానికి మాటలు రాసీవోళ్ళున్నారు. నాకెవులు రాస్తారు? పొద్దున లెగిస్తే ఇంకో పొద్దు గావాలనిపిస్తాది. ముసిల్దాన్నయితే మాత్రం ఆశుండదేటి? నువ్వనుకున్నావు, ఈ ముసిల్ది ‘పిల్లల కోసం ఎల్లిపోతానే’ అంటాదని. అనుకున్నావా నేదా, నిజం సెప్పు.”

“అనుకున్నాను.”

“సూసినావా. నువ్వూ నాటకాలమ్మాయివే.”

అవ్వని చంపను అన్నాను. పైడమ్మత్త నాకేసి చూడలేదు. మడత పెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

చిట్టా 226

మూడో తొట్టి: ఖాళీ చేశారు. ఒకటో తొట్టి: అంచులు గోధుమ.

మొదటి విడత మొదలై కొన్నాళ్ళయింది. రోజూ నేరుగా ప్రసారం. మండలికిచ్చిన కాగితాల్లో అవ్వ ఇవాళ తలుపు తీసుకుని వెళ్ళిపోవాలి. పైడమ్మత్త చేతికిచ్చిన కాగితాల్లో వేరే ఉంది. అవ్వ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, కెప్టెన్ని నిలదీసింది. “ఒరేయ్, తొట్టి కుళ్ళిపోయిందని ఓడలో వాళ్ళకి సెప్పినావా? సెప్పకుండా నన్ను బయటికి తోల్తావేటి?”

కిటికీలోంచి హాలు చూస్తున్నాను. అందరికీ అర్థమైంది. తలనొప్పులు, మెట్లెక్కితే ఆయాసం, దీపాలు తగ్గించడం, అన్నీ ఒక్కసారిగా కలుపుకున్నారు. లేస్తారు, గవర్రాజు గారి చొక్కా పట్టుకుంటారు అనుకున్నాను.

లేచారు గానీ, పిల్లల్ని ఎత్తుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ చాలామంది ఆ దిండుకేసి చూశారు.

గవర్రాజు గారు స్టూడియో గుమ్మంలో నిలబడ్డారు. కోపంగా లేరు. “ఇంక నేను నిన్ను అడగక్కర్లేదమ్మాయ్,” అన్నారు. “వాళ్ళే అడుగుతారు.”

చిట్టా 229

ఒకటో తొట్టి: సగం గోధుమ.

అడుగుతున్నారు. ఎంత మర్యాదగా అడుగుతున్నారంటే!

నీళ్ళ దగ్గర వరసలో నా వెనకున్నావిడ, “అవ్వ పాత్ర బాగా పండిందమ్మా. పండాక రాలిపోతేనే అందం” అంది. మా కాలేజీ మాష్టారు ఎదురొచ్చి, కరుణ రసం లేక కథ చప్పగా ఉందన్నారు. నాతో చదువుకున్న శరభయ్య, అప్పట్లో నా వాదన విని నన్ను రాక్షసి అన్నవాడు, ఇవాళ నా భుజం తట్టాడు. “నువ్వప్పుడు అన్నదే నిజం తరళా. అవ్వ ఉన్నంత కాలం కొత్తవాళ్ళకి చోటుండదు.” నా మాటలే. ఒక్క అక్షరం మార్చలేదు.

పైడమ్మత్త పేరు ఎవరూ ఎత్తరు. వడలు పట్టుకొచ్చి నాకిచ్చి, కూర్చుని, క్షేమసమాచారాలడిగి, లేచేటప్పుడు, “ఇంతకీ అవ్వ ఎప్పుడు పోతుందమ్మా, ఈ వారంలోనేనా?” అంటారు. నాటకం మీద మోజు ఆపుకోలేనట్టు.

పేటలో అవ్వకి మిగిలిన అభిమాని ఒక్కడే, ముత్యాలు తాత. మూడో కుర్చీ. నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. “బాగా రాస్తన్నావు తల్లీ. అవ్వ గట్టిది. దాన్నింకో పదేళ్ళు నడిపించు. ఏం, నడిపించలేవా?” అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

చిట్టా 231

ఒకటో తొట్టి: గోధుమ.

మా విశాలక్క వచ్చింది, పాపని భుజానేసుకుని. పాప ఏడవటం లేదు. ఈ వయసు పిల్ల ఏడవకపోతే ఎంత భయమేస్తుందో నాకు తెలియదు ఇన్నాళ్ళూ. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

“ఒసేయ్ తరళా, ఎందుకే సాగదీస్తావు? కథే కదే.”

“అక్కా, కథ కాదని నీకు తెలుసు.”

“తెలుసు. అందుకే కథ అంటున్నా.” పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. “వేరేలా అనమంటావా? అనలేనే. పైడమ్మత్త నా పెళ్ళిలో పాడింది. వేరేలా ఎలా అంటాను నేను?”

అక్క పాపని నా ఒళ్ళో పెట్టింది. పొట్ట చకచకా ఎగిరిపడుతోంది, పిల్లల పొట్టలు మామూలుగా ఎగిరేదానికంటే తొందరగా.

“నీకు జవాబు తోస్తే చెప్పు. నాకు చెప్పక్కర్లేదు, దీనికి చెప్పు,” అని, పాపని తీసుకుని వెళ్ళిపోయింది.

తెల్లకాగితం ముందు పెట్టుకుని అవ్వ చావు రాశాను. అరపేజీ. బాగానే వచ్చింది. చాలా బాగా వచ్చింది. మంచి మాట కూడా కుదిరింది చివర్లో. అది చదువుకున్నాక నా మీద నాకే వెలపరం పుట్టి చింపేశాను.

చిట్టా 233

ఒకటో తొట్టి: రాయడం మానేశాను. వెళ్ళి చూసుకోవచ్చు.

ఇవాళ్టి భాగంలో అవ్వకి జ్వరం. ఊరికే పెట్టాను, కథలో కాస్త కదలిక కోసం. పైడమ్మత్త మూలుగుతుంటే కిటికీలోంచి హాలు చూశాను. జనం ముందుకి వంగారు. చేతులు బిగించారు. అమ్మయ్య, మళ్ళీ కలిసిపోయారు కథలో, అవ్వ గురించి భయపడుతున్నారు అనుకున్నాను.

తర్వాత అవ్వ లేచి కూర్చుని చుట్ట అడిగింది. పాత రోజుల్లో ఆ మాటకి ఈలలేసేవాళ్ళు. ఇవాళ వెనక్కి వాలారు. కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. మధ్య వరసలోంచి ఒక ఆడగొంతు, మామూలుగా, విసుగ్గా: “ఇంకా చావదేం ఈ ముసల్ది?”

కిటికీ గాజు మందం కాదు. పైడమ్మత్త చదువుతూనే ఉంది. చివరి వాక్యం దాకా ఎక్కడా తడబడలేదు. మైకు ఆపాక అడిగింది.

“అది మన రామాయమ్మ మనవరాలు కదేటి?”

“తెలీదత్తా.”

“దానికి నేనే పేరెట్టినాను,” అంది.

చిట్టా 234

సాయంత్రం ప్రసారానికి ముందే పైడమ్మత్త నా కాగితాలు తిప్పి బల్లమీద బోర్లించింది. ఎర్రదీపం వెలిగింది. అవ్వ గొంతుతో కాదు, తన గొంతుతో మాట్లాడింది.

“ఇనండి. అవ్వ సావడం నేదు. మీరు దాన్ని కథంతన్నారు, అనుకోండి. నాకు బతకాలనుంది. అంతే. నా కాడ మంచి మాటేటీ నేదు. ఆ పిల్లలకీ బతకాలనుంది, నాకు తెల్సు. అందరం కూకుని ఏడుద్దాం, ఆలోసిద్దాం, ఒంతులేసుకుని నిద్దరోదాం, పనాపుదాం, నోరు మూసుకుని పడుకుందాం. నడిసినోడికంటే పడుకున్నోడికి గాలి తక్కువ గావాల. ముందు కుర్సీ నుంచే ఎందుకు మొదలెట్టాల? ఎవులైనా నాకు సెప్పండి.”

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళు నేను రాసిందంతా ఆ నాలుగు మాటలకి సరిపోదనిపించింది. దీపం ఆపాను. ఇద్దరం తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాం.

జరిగారు.

ఎవరు ముందు లేచారో తెలియదు. అవ్వ చావలేదు, చచ్చిందని ఎవరూ రాయలేదు, చదవలేదు. అయినా పేటంతా లేచి ఒక్కొక్క కుర్చీ ముందుకి జరిగి కూర్చుంది. దిండు కింద గచ్చు మీదుంది. ముత్యాలు తాత రెండో కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు, ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా నిలబడి ఉన్నారు. గవర్రాజు గారు ఆరో కుర్చీలో ఉన్నారు. విశాలక్క పాప వీపు రాస్తూ గోడకేసి చూస్తోంది.

మొదటి కుర్చీ ఖాళీ. శుభ్రంగా తుడిచారు కూడా.

పైడమ్మత్త ఆ కుర్చీని కాసేపు చూసింది. కూర్చోలేదు. నా చెవి దగ్గర అడిగింది. “రేపటిది రాసీసినావా?”

“సగం రాశాను.”

“అందులో నానున్నానా?”

“ఉన్నావు.”

“అయితే పద.”

వెనక్కి తిరిగి స్టూడియోలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళి గడియ వేశాను. ఎందుకు వేశానో ఆలోచించలేదు. చెయ్యి వేసేసింది.

చిట్టా

ఎర్రదీపం వెలుగుతోంది. పైడమ్మత్త చదువుతోంది. రేపటి భాగం అయిపోయింది, ఎల్లుండిది నడుస్తోంది. నేనొక పేజీ ముందు రాస్తున్నాను, ఆవిడ చదివేలోపు ఇంకో పేజీ. మధ్యలో ఆవిడ ఊపిరి తీసుకునేటప్పుడు ఇది రాస్తున్నాను.

కిటికీ అవతల అందరూ నిలబడి ఉన్నారు. కొంతమంది వింటున్నారు. అది నాకు తెలుస్తుంది, వినేవాళ్ళ మొహం వేరుగా ఉంటుంది. ముత్యాలు తాత వింటున్నాడు. వెనక కొందరు నేలమీద పడుకున్నారు, ఆవిడ చెప్పినట్టు, కదలకుండా. ఎంతమందో కనిపించడం లేదు.

గవర్రాజు గారు తలుపు తట్టారు. “పైడమ్మా, బయటికి రా. ఎవరూ ఏమీ అనరు.” కాసేపాగి, “అమ్మాయ్, నువ్వైనా చెప్పు.”

తర్వాత విశాలక్క. “తరళా, నువ్వు రావే. నువ్వొక్కదానివీ వచ్చెయ్యి. నీదెక్కడో వెనక కుర్చీ, నీకెందుకే?” నేను జవాబివ్వలేదు. ఇవ్వాలంటే రాయడం ఆపాలి.

అవ్వ ఇప్పుడు ఓడని ఒక దుమ్ము మేఘంలోంచి తీసుకెళ్తోంది. కెప్టెన్ చేతులెత్తేశాడు. అవ్వ వాణ్ణి తిడుతోంది. కిటికీ దగ్గర ఒక చిన్న పిల్ల నవ్వింది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది.

గాలి గొట్టం చప్పుడు మారింది. మీట బయటి గోడకుంది. ఎవరు తిప్పారో ఇక్కణ్ణుంచి కనిపించదు. నేను తలెత్తి చూశాను. పైడమ్మత్త కూడా విన్నది. వాక్యం పూర్తిచేసి, మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఆపీసినారేటి?”

“తగ్గించారు.”

ఆవిడ నా ముందున్న కాగితం లాక్కుని చూసింది. పేజీ నిండా పొడుగాటి మాటలు, అవ్వ ఘనంగా చెప్పేవి. తిరిగి నా వైపు తోసింది.

“పొడుగ్గా రాయకు పిల్లా. సిన్న సిన్నవి రాయి.”

రాస్తున్నాను.